మీ ఇంటి కరెంటు, పెట్రోలు, గ్యాస్ గాల్లోకి ఎంత వదులుతున్నాయో లెక్క తీయడం ఎలా

పర్యావరణాన్ని కాపాడమని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, ఏది ఎంత పాడు చేస్తోంది అని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. లైట్లు ఆపండి, చార్జర్ పీకేయండి, మొక్క నాటండి, బస్సెక్కండి అని అన్నిటినీ ఒకే గాటన కట్టేసి చెప్తుంటారు. నిజానికి వీటిలో కొన్నిటికే బరువుంది, మిగతావి మనసు తృప్తికి చేసేవి. ఏది ఏదో తేలాలంటే భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ ఎంత వదులుతున్నామో కిలోల్లో లెక్క వేసుకోవడం ఒక్కటే దారి, దానికి సైన్సు చదివి ఉండక్కర్లేదు, గుణకారం వస్తే చాలు.

ముందు ఏడాదిపాటు వచ్చిన కరెంటు బిల్లులు తీయండి. చీటీలు పారేసి ఉంటే మీ డిస్కం, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీ యాప్‌లో పాతవి దొరుకుతాయి. రూపాయల జోలికి పోకండి, శ్లాబులు, సర్‌చార్జీలు, పాత సర్దుబాట్లు అన్నీ కలిసిపోయి ఆ అంకె మనకి ఏమీ చెప్పదు. యూనిట్లు ఎన్నో చూసి రాసుకోండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడేవాళ్లకి జీరో బిల్లు వస్తుంది కదా, డబ్బు సున్నా అయినా కాలిన యూనిట్లు చీటీ మీద ఉంటాయి, మనకి కావాల్సింది అవే. తర్వాత ఏడాదికి ఎన్ని గ్యాస్ బండలు వాడారు, బండికీ కారుకీ నెలకి ఎన్ని లీటర్లు పోయించారు అన్నది రాసుకోండి. పెట్రోలు సంగతి గుర్తులేకపోతే ఫోన్‌లో యూపీఐ చెల్లింపులు వెతకండి, ఏ బంకులో ఎంత కట్టారో బయటపడుతుంది, లీటరు ధరతో భాగిస్తే సరి.

ఇప్పుడు వీటిని నాలుగు అంకెలతో గుణించాలి. కరెంటు యూనిట్‌కి 0.7 కిలో, లీటరు పెట్రోలుకి 2.3 కిలోలు, లీటరు డీజిల్‌కి 2.7 కిలోలు, 14.2 కిలోల గ్యాస్ బండకి 42 కిలోలు. ఇదంతా కార్బన్ డయాక్సైడ్ బరువు.

లీటరు పెట్రోలు తూస్తే ముప్పావు కిలో కూడా ఉండదు, అందులోంచి రెండు కిలోల పైన ఎలా వస్తుందని అనుమానం రావాలి, రాకపోతే మీరు సరిగ్గా చదవట్లేదని అర్థం. మండేటప్పుడు పెట్రోలులోని కార్బన్ గాల్లోని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, 12 పాళ్ల కార్బన్ 32 పాళ్ల ఆక్సిజన్‌ని కలుపుకుని 44 పాళ్లవుతుంది. బంకులో కొన్న బరువుకి మూడింతలు సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. గ్యాస్ బండ లెక్క కూడా ఇలాగే, 14 కిలోలు లోపలికి, 42 బయటికి.

కరెంటుకి వేసిన 0.7 మాత్రం సగటు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా దేశం మొత్తానికి ఈ లెక్క కట్టి ప్రచురిస్తుంది, ఈమధ్య ఏళ్లలో అది 0.7కి కాస్త పైనే ఉంటోంది. దేశంలో పుట్టే కరెంటులో ముప్పావు వంతు దాకా బొగ్గుదే. రామగుండం, పాల్వంచ, మణుగూరు, దామరచర్ల, విశాఖ పక్కన సింహాద్రి, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం, కడప జిల్లాలో ముద్దనూరు, ఇవన్నీ బొగ్గు కేంద్రాలే. "మాకు శ్రీశైలం ఉంది, కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది" అని కొందరంటారు. ఉన్నాయి, కాదనట్లేదు, కానీ దేశమంతా ఒకే గ్రిడ్, అంటే ఒకదానికొకటి కలిపిన కరెంటు లైన్ల వల, మీ ఇంటికొచ్చిన యూనిట్ ఎక్కడ పుట్టిందో విడదీసి చెప్పడం కుదరదు, పైగా అందరూ ఇంటికి చేరి ఏసీలు వేసుకునే సాయంత్రానికి సూర్యుడు ఉండడు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ప్లాంటు నుంచి మీ మీటరు దాకా వచ్చేలోపు వైర్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పోతుంది, అదీ కలుపుకుంటే మీరు వాడిన ఒక్కో యూనిట్‌కి 0.8 వేసుకోవచ్చు. నేను ఇక్కడ 0.7తోనే లెక్కలు వేస్తున్నాను, తక్కువే చెప్తున్నానని గుర్తుంచుకోండి.

ఉదాహరణకి ఒక ఇల్లు తీసుకుందాం. నలుగురు, ఒక ఏసీ, ఒక స్కూటరు, ఒక కారు. ఎండాకాలం మూడు నెలలు నెలకి 350 యూనిట్లు, మిగతా తొమ్మిది నెలలు 170 చొప్పున అనుకుంటే ఏడాదికి 2,580 యూనిట్లు, అంటే దాదాపు 1,800 కిలోలు. ఎనిమిది బండలకి 336. స్కూటరుకి నెలకి 20 లీటర్లంటే 552, కారుకి 25 లీటర్లంటే 690. మొత్తం మూడు టన్నుల నాలుగు వందల కిలోలకి కాస్త అటూఇటూ, తలకి 850 కిలోలు. దేశ సగటు మనిషికి ఏడాదికి సుమారు రెండు టన్నులు, ప్రపంచ సగటు నాలుగున్నర టన్నుల పైన, అమెరికాలో పద్నాలుగు దాకా. మన లెక్క సగటు కన్నా తక్కువొచ్చిందని మురిసిపోకండి, సిమెంటు, స్టీలు, ఎరువులు, లారీలు, ఆఫీసు ఏసీలు ఇవేవీ ఇందులో లేవు, కేవలం ఇంట్లో మన చేత్తో కాల్చిందే.

నెలకి 60 యూనిట్లతో గడుపుకునే ఇంటికి ఈ లెక్కతో పనేం లేదు, వాళ్లు ఇంకో ఫ్యాను పెట్టుకున్నా ఎవరూ వేలెత్తి చూపకూడదు. ఇది ఏసీ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నది.

ఇంతకీ ఆ వాయువు పైకెళ్లి ఏం చేస్తుంది? ఒక యూనిట్‌కి వచ్చే 0.7 కిలో వాయువు మామూలు వేడిలో 400 లీటర్ల చోటు తీసుకుంటుంది, నీళ్లు పట్టుకునే 200 లీటర్ల డ్రమ్ములు రెండు ఊహించుకోండి. రంగు లేదు, వాసన లేదు, అందుకే ఎవరికీ పట్టదు. ఎండ దీన్ని దాటుకుని నేల మీదికి వచ్చేస్తుంది, కానీ వేడెక్కిన నేల తిరిగి పైకి పంపే వేడిని ఇది పీల్చుకుని అన్ని వైపులకీ విసురుతుంది, అందులో కొంత మళ్లీ కిందికే వస్తుంది. ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, 1850ల్లోనే యూనిస్ ఫుట్, జాన్ టిండాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా ప్రయోగాలు చేసి చూపించారు. ప్రపంచమంతా కలిపి ఇంధనాలు కాల్చి ఏటా వదిలేది దాదాపు 3,700 కోట్ల టన్నులు. అందులో సగం వరకు సముద్రాలు, చెట్లు, నేల పీల్చుకుంటాయి, మిగతాది గాల్లోనే పేరుకుంటుంది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాల్లో పది లక్షల పాళ్లకి 315 ఉండేది, 2024లో 424 దాటింది. ఫ్యాక్టరీలు పుట్టకముందు 280 ఉండేది.

వేడి ఒక్కటే అయితే ఇంకో రకంగా ఉండేది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరి పట్టుకోగలదు, అందుకే వాన పడితే కుండపోత, పడనప్పుడు ఉక్కపోత. మన కోస్తాలో 40 డిగ్రీలకి ఉక్కపోత తోడైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 2015 మే వడగాలులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు, వాళ్లలో చాలామంది ఎండలో పని చేసుకునే కూలీలు, ముసలివాళ్లు. ఏసీ వేసుకున్నవాళ్లు కాదు.

పొగలో ఇంకో రకం ఉంది, దాన్ని దీనితో కలపకండి. బొగ్గు కాలినప్పుడు గంధకం వాయువు, నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నటి ధూళి, కొద్దిగా పాదరసం కూడా వస్తాయి. ఇవి రోజుల్లో, వారాల్లో వానకి కొట్టుకుపోతాయి గానీ ఆలోపు చుట్టుపక్కల ఊళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, ఇవాళ వదిలిందాంట్లో కొంత భాగం వందల ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది, పాల్వంచలో వదిలినా పారిస్‌లో వదిలినా ఒకటే. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్లు బూడిదే కాబట్టి బొగ్గుతో పుట్టిన యూనిట్‌కి పావు కిలోకి అటూఇటూ బూడిద మిగులుతుంది. కొంత సిమెంటుకీ ఇటుకలకీ పోతుంది, మిగతాది బూడిద చెరువుల్లో ఉంటుంది, వేసవి గాలికి అది లేచి బట్టల మీదా అన్నం మీదా పడటం ఎలా ఉంటుందో ప్లాంట్ల పక్క ఊళ్లవాళ్లని అడగాలి. గంధకాన్ని పట్టే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది, ఆ తర్వాత గడువు పొడిగిస్తూనే పోయి, 2025లో చాలా ప్లాంట్లకి మినహాయింపే ఇచ్చేశారు. అదే నిబంధనల్లో పాత ప్లాంట్లు యూనిట్‌కి మూడున్నర లీటర్లకి మించి నీళ్లు వాడకూడదని కూడా ఉంది, అంటే రాత్రంతా ఏసీ వేస్తే ఎక్కడో ఒక బిందెడు నీళ్లు ఆవిరి కావడానికి మనం కారణం అన్నమాట.

సరే, పనిలోకి వద్దాం. ఇంట్లో ఏది ఎంత తింటోందో మీటరే చెప్తుంది, వేరే పరికరం కొనక్కర్లేదు. డిజిటల్ మీటరు మీద ఒక ఎర్ర లైటు మినుకు మినుకుమంటుంది, దాని పక్కన యూనిట్‌కి 3200 సార్లు అనో 1600 అనో 6400 అనో రాసి ఉంటుంది. అన్నీ ఆపేసి చూడాల్సిన ఒక్కటీ వేసి, ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి మీటరు మీద రాసి ఉన్న అంకెతో భాగిస్తే గంటకి ఎన్ని యూనిట్లో వస్తుంది. 3200 మీటరు మీద నిమిషానికి 64 సార్లు వెలిగిందంటే గంటకి 1.2 యూనిట్లు. రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్ కూడా ఆపేసి చూడండి, అన్నీ ఆపినా లైటు వెలుగుతూనే ఉందంటే ఏదో దొంగచాటుగా తింటోంది. చాలాసార్లు అది సెట్‌టాప్ బాక్స్ లేదా ఇన్వర్టర్. పది వాట్ల బాక్స్ రాత్రీ పగలూ ఉంటే ఏడాదికి 88 యూనిట్లు, 60 కిలోలు. అదే ఫోన్ లేకుండా ప్లగ్గులో వేలాడే చార్జర్ అయితే ఏడాదంతా కలిపి రెండు కిలోలు కూడా కాదు, దాని కోసం ఇంట్లో వాళ్లతో గొడవ పడకండి. ఎర్త్ అవర్ అని గంటసేపు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ ఆపితే మిగిలేది ఆరు గ్రాములు, ఆ ఫోటో పెట్టుకుంటే పెట్టుకోండి.

ఏసీ దగ్గరికి వస్తే, ఒకటిన్నర టన్నుది గంటకి సగటున ఒక యూనిట్ వేసుకున్నా రాత్రి ఎనిమిది గంటలకి 5.6 కిలోలు, 90 రాత్రులకి 500 కిలోలు. ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెప్తుంది, 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే. 20 నుంచి 26కి తెచ్చి పైన ఫ్యాను వేసుకుంటే మూడో వంతు దాకా మిగిలినట్టే. 18లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు నాకు ఎప్పటికీ అర్థం కాదు. పై అంతస్తువాళ్లు డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించుకుంటే గది తక్కువ వేడెక్కుతుంది, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ఒక పాలసీనే తెచ్చింది.

కానీ ఏసీలో అసలు పెద్ద సంగతి కరెంటు కాదు, లోపలి గ్యాస్. ఇది దాదాపు ఎవరూ చెప్పరు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఒక కిలో గాల్లోకి పోతే అది 1,800 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పైగా ఓజోన్ పొరని కూడా తింటుంది. ఆర్-410ఏ అయితే రెండు వేల పైన. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 కి 675, ప్రొపేన్‌తో నడిచే ఆర్-290 కి సింగిల్ డిజిటే. ఇంట్లో ఏసీలో సుమారు కిలో గ్యాస్ ఉంటుంది కాబట్టి పాత ఏసీ ఒకసారి పూర్తిగా లీకైతే మూడు వేసవుల కరెంటు కన్నా ఎక్కువ నష్టం ఒక్క దెబ్బకి జరిగిపోతుంది. "గ్యాస్ అయిపోయింది సార్, పట్టించాలి" అని మెకానిక్ అంటే గుర్తుంచుకోండి, ఏసీ గ్యాస్ వాడితే అయిపోయేది కాదు, ఎక్కడో కారిపోతేనే తగ్గుతుంది. ముందు సబ్బు నురగ పెట్టి లీకు ఎక్కడుందో చూపించమనండి, అది సరిచేశాకే గ్యాస్ పట్టించండి. ఇల్లు మారేటప్పుడు ఏసీ ఊడదీయిస్తే పంప్ డౌన్ చేయమని అడగండి, అంటే వాల్వులు కట్టి గ్యాస్ మొత్తాన్ని బయటి యూనిట్‌లోకి లాగి ఆ తర్వాతే పైపు విప్పడం. పది నిమిషాల పని. చాలామంది బద్ధకించి పైపు విప్పేసి బుస్సుమని వదిలేస్తారు, మళ్లీ కొత్త గ్యాస్ డబ్బులు మన దగ్గరే తీసుకుంటారు. కొత్తది కొనేటప్పుడు స్టార్లతో పాటు వెనక స్టిక్కరు మీద ఏ గ్యాసో కూడా చదవండి.

ఫ్యాన్లు ఎవరూ పట్టించుకోరు గానీ మన ఇళ్లలో ఏడాది పొడుగునా తిరిగేవి అవే. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారుది 30. రోజుకి 15 గంటలు తిరిగే హాలు ఫ్యాను మారిస్తే ఏడాదికి 246 యూనిట్లు, 170 కిలోలు తగ్గుతాయి. అన్నీ ఒకేసారి మార్చకండి, ఎక్కువ తిరిగేదాన్ని ముందు మార్చండి. చుట్టాలొచ్చినప్పుడు వేసే గదిలోది పాతదే ఉన్నా ఫర్వాలేదు. గీజరు సంగతి ఏంటంటే, బకెట్టు నీళ్లు కాగడానికి అర యూనిట్ పడుతుంది, నలుగురికి రెండు. పొద్దున్నే వేసి మర్చిపోయేవాళ్లకి ఇంకా ఎక్కువ.

వంటింట్లో మాత్రం ఒక ఆశ్చర్యం ఉంది. ఇండక్షన్ స్టవ్ పచ్చగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒక బండతో అయ్యే వంట మొత్తం ఇండక్షన్ మీద చేస్తే 120, 130 యూనిట్లు పడతాయి, ఇప్పటి గ్రిడ్ లెక్కన అది 90 కిలోలు, బండ అయితే 42. అంటే పైన సోలార్ లేకుండా ఇండక్షన్‌కి మారడం ఇప్పటికిప్పుడు గాలికి మేలేం కాదు. వేరే కారణాలుంటే మారండి, వంటింట్లో సెగ తగ్గుతుంది, బండ కోసం ఎదురుచూపులు ఉండవు. ఏ పొయ్యి అయినా ప్రెషర్ కుక్కర్ వాడటం, పప్పు నానబెట్టి వండటం, ఈ రెండూ చాలు. ఊళ్లో ఇంకా కట్టెల పొయ్యి ఊదుతున్న అమ్మమ్మ ఉంటే ఆవిడకి బండ ఏర్పాటు చేయడం వీటన్నిటికన్నా మంచి పని, ఆ పొగ ముందు ఆవిడ గుండెకీ ఊపిరితిత్తులకీ పడుతోంది.

ఎలక్ట్రిక్ బండి లెక్క వేరే రకంగా వస్తుంది. లీటరుకి 45 కిలోమీటర్లిచ్చే స్కూటరు వంద కిలోమీటర్లకి 5 కిలోలు వదులుతుంది, ఎలక్ట్రిక్ స్కూటరు మూడు, మూడున్నర యూనిట్లు తింటుంది కాబట్టి రెండున్నర కిలోల లోపే. సగానికి సగం. కార్లలో తేడా కాస్త తక్కువ, 15 నుంచి 10కి వస్తుంది. నిండా జనమున్న ఆర్టీసీ బస్సులో మనిషికి వంద కిలోమీటర్లకి ఒక కిలో చిల్లర, దానితో పోటీపడేది ఏదీ లేదు, బస్సు టైముకి వస్తే.

సోలార్ పెట్టించుకునే డాబా ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి, మన దగ్గర రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లంటే ఏడాదికి నాలుగు వేల పైచిలుకు యూనిట్లు, మూడు టన్నులు, పైన చెప్పిన ఇంటి కరెంటు మొత్తం పోగా ఇంకా మిగులుతుంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లిఫ్టు, మోటారు నడిచే కామన్ మీటరుకి అసోసియేషన్ పేరుతో పెట్టించుకోవచ్చు, మీటింగులో ఒప్పించడం మీ నేర్పు. ప్యానెళ్లు దుమ్ము పట్టనివ్వకండి. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పగటిపూటకి మార్చుకోండి. ఇది సోలార్ లేనివాళ్లకి కూడా వర్తిస్తుంది, మధ్యాహ్నం గ్రిడ్‌లో ఎండ కరెంటు ఎక్కువ ఉంటుంది, రాత్రి ఏడింటికి బొగ్గే దిక్కు.

పొలం ఉన్నవాళ్లకి ఒక మాట. ఐదు హెచ్‌పీ మోటారు ఏడు గంటలు తిరిగితే 26 యూనిట్లు, రోజుకి 18 కిలోలు. బిల్లు రాదు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. కరెంటు రాగానే మోటారుని తనే ఆన్ చేసే ఆటో స్టార్టర్ తీసేసి, కెపాసిటర్ బిగించండి, మడి నిండాక కూడా పారే నీళ్లు, కాలిపోయే మోటారు రెండూ తగ్గుతాయి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు విమానాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. హైదరాబాద్ నుంచి అక్కడికి ఒకవైపు ప్రయాణానికి మనిషికి టన్ను దాటుతుంది. అమ్మానాన్నలిద్దరూ వెళ్లొస్తే నాలుగు టన్నుల పైమాటే, పైన లెక్కేసిన నలుగురి ఇల్లు ఏడాదంతా వదిలినదానికన్నా ఎక్కువ. వెళ్లొద్దని చెప్పడానికి నేనెవర్ని, కానీ వెళ్తే మూడు వారాలకి కాకుండా ఆర్నెల్లు ఉండి రండి, రెండుసార్ల ప్రయాణం ఒకసారిలో తేలిపోతుంది. దీనికి బదులు మొక్కలు నాటేస్తాం అంటారా, బాగా ఎదిగిన చెట్టు కూడా ఏడాదికి పీల్చేది పదుల కిలోల్లోనే, నాటిన మొక్క ఆ స్థాయికి రావడానికి ఏళ్లు పడుతుంది, అదీ బతికితే.

ఏదైనా మార్చాక ఫలితం చూసుకునేటప్పుడు పోయిన నెల బిల్లుతో పోల్చకండి, మేకీ జూన్‌కీ వాతావరణమే వేరు. పోయినేడాది అదే నెల బిల్లు తీసి, రెండిటికీ రీడింగ్ తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో చూసి, రోజుకి ఎన్ని యూనిట్లో తీయండి. ఒక నెల 27 రోజులకి, ఇంకో నెల 34 రోజులకి రీడింగ్ తీసే ఊళ్లలో ఇది చేయకపోతే తగ్గిందో పెరిగిందో తెలియదు.